ఎర్ర దారం కుడివైపున

చిరంజీవి గూబమ్మకి,

మీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మమ్మా బాగున్నాం. అమ్మమ్మ మోకాలు మాత్రం ఆ మాట ఒప్పుకోవడం లేదు. నువ్వు అక్కడ వేళకి తిని, వేళకి పడుకుంటూ బాగున్నావని అనుకుంటున్నాను. నీ పనికి వేళంటూ ఉండదని తెలుసు. అయినా అలాగే అనుకుంటాను.

నీ ఉత్తరం పోయిన మంగళవారం అందింది. ఏడు పేజీలు. నేను మూడుసార్లు చదువుకున్నాను, మీ అమ్మమ్మకి ఒకసారి పైకి చదివి వినిపించాను. ఫోను మాని ఉత్తరం రాస్తున్నందుకు సంతోషం. ఫోనులో నాకు సగమే వినిపిస్తుంది. వినిపించిన సగానికి జవాబు వెంటనే తోచదు. తోచేలోగా నువ్వు "తాతయ్యా, ఉన్నావా?" అంటావు. కాగితం అలా తొందరపెట్టదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మందులు వేసుకుంటున్నాను. కుడి చెవి పూర్తిగా మొండికేసింది, ఎడమది పరవాలేదు. నువ్వు పంపిన స్వెట్టరు వచ్చింది. అందులో నేనూ మీ అమ్మమ్మా ఇద్దరం పడతాం, ఇంకా మీ అమ్మకి చోటు మిగులుతుంది. "పిల్లని భుజాల మీద ఎక్కించుకు తిరిగిన మనిషే దానికింకా కళ్ళలో ఉన్నాడు, పాపం" అంది అమ్మమ్మ. చేతులు రెండు మడతలు పెట్టి వేసుకుంటున్నాను. వెచ్చగా ఉంది.

వంటింటి కిటికీ అద్దం పగల్లేదు. చుక్కల ఫోటోలు పట్టే పెద్ద గాజు ప్లేట్లు, పాడైపోయినవి వేధశాల నుంచి తెచ్చి, రసాయనం గీకేసి నేను బిగించిన గాజు అది. ఒక మూల గీకడం మరిచిపోయాను. చిన్నప్పుడు నువ్వు అక్కడ ముక్కు ఆనించి నల్లచుక్కలు లెక్కపెట్టేదానివి. ఆకాశంలో తెల్లగా ఉన్నవి గాజు మీద నల్లగా ఎందుకున్నాయని అడిగేదానివి. ఆ మూల ఇంకా అలాగే ఉంది.

గూబ అన్న పేరు ఇంకా మానవా అని అడిగావు. పుట్టిన నెలలోనే రాత్రంతా కళ్ళు విప్పుకుని చూసేదానివి. పసిదానికి అదేం పేరని అమ్మమ్మ అప్పుడే నన్ను తిట్టింది. ఇప్పుడు నీ ఉద్యోగమే అదైంది. ఇందులో నా తప్పేమీ లేదు.

లిథియం గురించి నువ్వు రాసిన రెండు పేజీలు నాకు అర్థమైనంత మేరకు తిరిగి రాస్తున్నాను. తప్పుంటే దిద్దు. చుక్క పుట్టినప్పుడు దానిలో కాస్తంత లిథియం ఉంటుంది. అది నాజూకు సరుకు. పైపొరలో ఉన్నంతవరకు బతుకుతుంది, లోపలి వేడికి నిలవదు. చుక్క వయసు మీరి, ఉబ్బి, ఎర్రబడి, మీరు మహాతార అనే రూపానికి వచ్చేసరికి, గరిటె అడుగుదాకా పెట్టి కలిపినట్టు పైదీ లోపలిదీ కలిసిపోతాయి. ఉన్న కాస్త లిథియం కూడా పలచబడుతుంది, లోపలికి దిగింది మాడిపోతుంది. కాబట్టి ముసలి చుక్క వెలుగుని విడదీసి చూస్తే లిథియం గీత గట్టిగా కనిపించకూడదు. అయినా నూటికి ఒకదానిలో కనిపిస్తుంది. అది తనలోనే కొత్తగా తయారు చేసుకుందో, పక్కన తిరిగే గ్రహాన్ని మింగిందో ఇంకా తేలలేదు. ఇంతేనా? మీ అమ్మమ్మ విని, "ముసలితనంలో గ్రహాలు మింగడమేమిటండీ, నాకు మాత్ర మింగడమే గగనంగా ఉంది" అంది.

ఇక చివర నువ్వు అడిగింది. నేను పనిచేసిన వేధశాలలో నలభై ఒక్క ఏళ్ళ కిందట తీసిన 2177 నంబరు ప్లేటు గురించి. ఆ ప్లేటులో ముసలి చుక్క ఒకటి లిథియం గీతతో కనిపిస్తోందని, ఇప్పుడు నువ్వు అదే చుక్కని చూస్తే గీత జాడే లేదని రాశావు. ప్లేటే తప్పని అందరూ అంటుంటే, దాని మీది నంబరులో నడుముకి పట్టీ కట్టిన 7 అంకెలు చూసి నా చేతిరాత గుర్తుపట్టానని రాశావు. మీ గురువుగారితో "మా తాతయ్య కడిగిన ప్లేటు అబద్ధం చెప్పదు" అన్నానని కూడా రాశావు. ఒక చుక్క మనిషి జీవితకాలంలోనే తన లిథియం పోగొట్టుకోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదని, వచ్చే నెల పెద్ద సభలో నువ్వు నిలబడి ఆ మాట చెబుతావని, నా ఫోటో చూపిస్తావని రాశావు. ఆ రోజు ఏమైనా విశేషం జరిగిందా, గుర్తుందా తాతయ్యా అని అడిగావు.

చాలా ఏళ్ళయింది కదమ్మా. వేల ప్లేట్లు కడిగాను. అది ప్రత్యేకంగా గుర్తు లేదు.

ఇక్కడిదాకా సోమవారం రాశాను. సంతకం పెట్టి కవరులో పెడదామనుకున్నాను. పెట్టలేకపోయాను. ఇవాళ శుక్రవారం.

సోమవారం భోజనాల దగ్గర మీ అమ్మమ్మ, "ఉత్తరం పోస్టులో వేశారా?" అంది. లేదన్నాను. "ఏం?" అంది. జవాబు చెప్పలేదు. యాభై ఏళ్ళుగా నా మౌనాలతో కాపురం చేస్తున్న మనిషి. ఏ మౌనం ఎలాంటిదో తెలుసు. కంచం పక్కకి జరిపి నా ఎదురుగా కూర్చుంది. అప్పుడు చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి.

అంతా విని ఆవిడ, "ఇన్నేళ్ళు ఇది కడుపులో పెట్టుకుని నాతో కూరలో ఉప్పు తక్కువైందని ఎలా అనగలిగారండీ?" అంది. కంచాలు కడిగి వచ్చి, "అది చిన్నపిల్ల. నలుగురిలో నిలబడి మాట్లాడబోతోంది. మీ మొహమాటం తీసుకెళ్ళి దాని నెత్తిన పెడతారా?" అంది.

అందుకని రాస్తున్నాను. నాకు వరసగా చెప్పడం రాదు. ఓపిగ్గా చదువు.

పెద్దాయన ఎలాంటివారని కూడా నువ్వు అడిగావు కదా. చుక్కలు చూసింది ఆయనే, ఆ ప్లేటు ఆయనదే. నలభై రాకముందే జుట్టు నెరిసింది, అందుకని మేమందరం పెద్దాయన అనేవాళ్ళం. మాట తక్కువ. నవ్వు ఇంకా తక్కువ. నేను పల్లెటూరి బడిలో ఏడో తరగతి వరకు చదివి, అక్కడ నేల తుడవడానికి చేరినవాణ్ణి. చీకటి గదిలో ప్లేట్లు కడిగే పని నాకు నేర్పింది ఆయన. నా ముందున్న మనిషి రెండు ప్లేట్లు తారుమారు చేశాడని తోటపనికి పంపేశారు. ఆ చోటు నాకిచ్చారు. అది నాకు ఎంత గొప్పో నీకు చెప్పలేను. ఊళ్ళో మా నాన్నకి ఉత్తరం రాసి, "నేను నక్షత్రాలు కడుగుతున్నాను" అన్నాను.

ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. "తప్పు రాస్తే చెరపకోయ్. రబ్బరు ముట్టుకోకు. తప్పు కనిపించేలాగే కొట్టేసి, పక్కన సరైనది రాసి, తేదీ వెయ్యి. తర్వాత చూసేవాడికి మనం ఎక్కడ పొరబడ్డామో తెలియాలి."

పని ఇలా జరిగేది. ప్లేటు అంటే వేలెడు వెడల్పు గాజు పలక. చుక్క వెలుగుని విడదీసి ఆయన దాని మీద పట్టేవారు. సన్నటి పట్టీ, దాంట్లో వెంట్రుకల్లాంటి గీతలు. ఏ గీత ఏ మూలకానిదో ఆయనకి కంఠతా వచ్చు. సాయంత్రం పూట ప్లేట్లు చెక్కపెట్టెల్లో ఎక్కించి ఇవ్వడం, పొద్దున వచ్చి వాటిని కడగడం నా పని. పెట్టెలు రెండు ఉండేవి. ఒకదాని అంచు పెచ్చు లేచిపోయి, అందులోంచి వెలుగు చొరబడి, ప్లేటు మూల గోరు గిచ్చినంత నల్లమచ్చ పడేది. దాని మూత కూడా బిగుసుగా జరిగేది. ఆ తంటా మొదట్లోనే వదిలిపోతుందని మొదటి ప్లేటు ఎప్పుడూ అందులోనే ఎక్కించేవాణ్ణి. ఈ సంగతి ఎక్కించే నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పుకోవలసిన సంగతి కాదు మరి.

కడిగాక ప్లేట్లని చెక్క స్టాండులో నిలబెట్టి ఆరబెట్టేవాణ్ణి. తడి మీద సిరా నిలవదు. కాబట్టి ఆరేదాకా ప్లేటు మీద నంబరు ఉండదు. ఏ వరసలో పెట్టామన్నదే గుర్తు. స్టాండు ఎడమ కొసకి నేను ఎర్ర దారం కట్టుకున్నాను. దారం పక్కన ఉన్నది మొదటి ప్లేటు. ఆరాక ఆ వరసలో తీసి నంబర్లు వేసేవాణ్ణి.

ఆ రోజు రెండే ప్లేట్లు, రెండూ ముసలి చుక్కలవే. మబ్బు పట్టి పెద్దాయన తొందరగా పని ఆపేశారు. మొదటి చుక్క 2177, రెండో చుక్క 2178. పొద్దున కడిగి స్టాండులో పెట్టాను. స్టాండు కింద నీళ్ళు చేరితే, ప్లేట్లతో సహా ఎత్తి బల్ల తుడిచి మళ్ళీ పెట్టాను. ఆరాక అలవాటు కొద్దీ ఎడమ నుంచి తీశాను. దారం చూడలేదు. నంబర్లు వేసి, కవర్లలో పెట్టి, ఆయన బల్ల మీద ఉంచి వచ్చాను. తర్వాత స్టాండు కడుగుదామని చేతిలోకి తీసుకుంటే ఎర్ర దారం కుడివైపున ఉంది.

ఆ రోజు నాకు ఏ కష్టమూ లేదమ్మా. ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు. ఎవరితోనూ పోట్లాడలేదు. చెప్పుకోడానికి ఒక సాకైనా ఉంటే బాగుండేది. ఊరికే, తుడిచి తిప్పి పెట్టాను. అంతే.

చేతిగుడ్డ చేతిలో ఉండగానే ఆయన గదికి వెళ్ళాను, చెబుదామనే. ఆయన భూతద్దం మీద వంగి ఉన్నారు. తల ఎత్తకుండానే, "ఏమోయ్, ఇలా రా" అన్నారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కుర్చీలో. "ఆ ఎర్రవైపు చివర, సన్నగా, చూశావా? లిథియం. ఇంత ముసలి చుక్కలో అది ఉండకూడదోయ్. ఉంది." అని నవ్వారు. తొమ్మిదేళ్ళలో ఆయన పళ్ళు చూడటం నాకదే మొదటిసారి. తన టీ సగం నా గ్లాసులో పోశారు.

నేను టీ తాగి వచ్చేశాను.

రేపు చెబుదామనుకున్నాను. రేపటికి ఆయన స్నేహితులందరికీ ఉత్తరాలు రాసేశారు. పై వారానికి పత్రికకి పంపేశారు. ఈలోగా నాకు ఒక సందు దొరికింది. ఒకవేళ స్టాండు మొదటినుంచీ తిరగేసే ఉందేమో, నేను ఎడమ నుంచే పెట్టి ఎడమ నుంచే తీశానేమో, తప్పు జరగలేదేమో అనుకున్నాను. ప్లేటు మూల నల్లమచ్చ చూస్తే తేలిపోతుంది. నేను చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు.

ఏడాది తిరిగేసరికి వేరే వేధశాలల వాళ్ళు రాశారు, ఆ చుక్కలో గీత లేదని. పెద్దాయన తనే మూడుసార్లు చూశారు. లేదు. పాత ప్లేటు తీసి చూస్తే ఉంది. ఒకరోజు చీకటి గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నా చేతులు నీళ్ళలో ఉన్నాయి.

"ఏమోయ్, ఆ ప్లేట్లు కడిగింది నువ్వే కదా. తేడా ఏమీ జరగలేదు కదా?"

"లేదండీ" అన్నాను.

"నువ్వు కడిగాక తేడా ఏముంటుందిలే" అని వెళ్ళిపోయారు.

స్టాండు తిప్పి పెట్టడం పొరబాటు. దాన్ని ఎవరైనా క్షమిస్తారు. నేను ఇన్నేళ్ళు మోస్తున్నది ఆ "లేదండీ" అన్న ముక్క.

తర్వాత దానికి దెయ్యం గీత అని పేరు పెట్టారు. టీ గదిలో కుర్రసైంటిస్టులు, "ఏమండీ, ఇవాళ దెయ్యం కనిపించిందా?" అనేవాళ్ళు. పెద్దాయన తప్పు ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటారు? ప్లేటు కళ్ళ ముందు ఉంది. ఉన్నదాన్ని లేదనడం ఆయనకి రాదు. ముసలి చుక్కల పని మానేశారు. పదవీ విరమణ దాకా గ్రహణాలకీ సూర్యోదయాలకీ కాలపట్టికలు లెక్కకట్టుకుంటూ కూర్చున్నారు. నాతో ఎప్పటిలాగే ఉన్నారు. అదే నాకు కష్టంగా ఉండేది. ఆయన పోయినప్పుడు వెళ్ళి వెనకాల నిలబడి వచ్చాను.

మొన్న బుధవారం బస్సెక్కి వేధశాలకి వెళ్ళాను. మొదటి అంతస్తు మెట్లు రెండు చోట్ల ఆగి ఎక్కాను. నీకు ప్లేట్ల నకళ్ళు పంపిందే, ప్లేట్ల గది చూసే అమ్మాయి, ఆవిడే ఉంది. "తాతగారూ, మీ పట్టీ కట్టిన 7 అంకె చూసి చూసి నాకూ అదే అలవాటైంది. మావాడి లెక్కలు దిద్దుతూ అలాగే రాస్తే ఇదేం ఏడని టీచరు అడిగిందట" అంది. 2177, 2178 చూపించమన్నాను. లైటు బల్ల మీద పక్కపక్కన పెట్టింది. "మీ మనవరాలి గీతేనా? ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టబోయింది.

"గీత కాదమ్మా, మూల చూడాలి" అన్నాను.

2177 మూల శుభ్రంగా ఉంది. 2178 మూల గోరు గిచ్చినంత నల్లమచ్చ. మొదటి పెట్టె మచ్చ రెండో నంబరు మీద ఉంది.

నలభై ఒక్క ఏళ్ళు చూడనిదాన్ని చూడటానికి అరనిమిషం పట్టింది.

"ఏమైంది తాతగారూ? కూర్చోండి, నీళ్ళు తెస్తాను" అంది ఆ అమ్మాయి. "తేడా ఉందమ్మా" అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. అప్పుడు తలుపు దగ్గర నిలబడి అడిగినాయన వినడానికి లేరు.

గూబమ్మా, నీ చుక్క ఏమీ పోగొట్టుకోలేదు. దానిలో ఆ గీత అప్పుడూ లేదు. సభలో నువ్వు చెప్పబోయే మాట చెప్పొద్దు. మీ గురువుగారితో నువ్వన్నది మాత్రం అబద్ధం కాదు. ప్లేటు అబద్ధం చెప్పలేదు. దాని మీద నంబరు చెప్పింది. ఆ నంబరు వేసింది నేను.

నీకు రెండేళ్ళ పని పోతుందని తెలుసు. నీ ఉత్తరంలో నువ్వు ఎంత సంతోషంగా ఉన్నావో అక్షరాల వాలు చూస్తేనే తెలిసింది. ఇది చదివాక ఇంక నాకు ఉత్తరం రాయకపోయినా అర్థం చేసుకుంటాను అని రాయబోయాను. మీ అమ్మమ్మ చూసి వద్దంది. "అలా రాస్తే అది మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఇప్పుడు దానికి ఆ పని కూడానా?" అంది. అందుకని రాయడం లేదు.

ఒక్కటి అడుగుతాను. గీత ఉన్న ప్లేటు రెండో చుక్కది. చిట్టాపుస్తకంలో 2178 ఎదురుగా దాని పేరు ఉంటుంది. ఆ చుక్క ప్లేటులో ఏమీ లేదనుకుని ఎర్రవైపు మళ్ళీ ఎవరూ చూడలేదట. ఆ అమ్మాయి పుస్తకాలన్నీ వెతికి చెప్పింది. మీ దగ్గర పెద్ద దుర్భిణి ఉంది. ఒకసారి అటు తిప్పించు. గీత ఉంటే, పెద్దాయన చూసింది నిజం. చుక్క పేరు ఒక్కటే తప్పు. ఆ మాట నలుగురిలో చెప్పు. ముందు ఆయన పేరు చెప్పు. తర్వాత తప్పు ఎవరిదో చెప్పు. ప్లేట్లు కడిగిన మనిషి ఎవరో అని దాచొద్దు. మా తాతయ్య అని చెప్పు. ఫోటో కూడా చూపించు. నాకు సిగ్గు ఎక్కువని నీకు తెలుసు. అయినా చూపించు.

రేపు ఈ ఉత్తరం పోస్టులో వేసి, అటునుంచి అటే ప్లేట్ల గదికి వెళతాను. ఆ అమ్మాయితో మాట్లాడాను, శనివారం మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుందట. రెండు ప్లేట్ల మీదా, వాటి కవర్ల మీదా పాత నంబరు కనిపించేలాగే కొట్టేసి, పక్కన సరైనది రాసి, తేదీ వేస్తాను.

ఈ ఉత్తరంలో సోమవారం నాడు "అది ప్రత్యేకంగా గుర్తు లేదు" అని రాసిన వాక్యాన్ని కూడా ఇప్పుడే కొట్టేశాను. చెరపలేదు. కింది అక్షరాలు నీకు కనిపిస్తాయి. పక్కన శుక్రవారం తేదీ వేసి, "గుర్తుంది" అని రాశాను.

ఇట్లు,
2177 మీద ఆ పట్టీ కట్టిన 7 అంకెలు వేసిన
నీ తాతయ్య